ఒకే చోటు, మూడు పటాలు, మూడు ఆవాసాలు: ఆఫ్రికా పటాల్లో ఏది నమ్మాలి?

గీతలమధ్య
ఆఫ్రికా ఖండమంతటికీ సహజ ఆవాసాల పటం ఒకటి తయారుచేయాలి. నా పరిశోధనకు తొలి మెట్టు అదే. ఉపగ్రహ చిత్రాలను మొదటినుంచీ విశ్లేషించే ఓపికా లేదు, అంతటి కంప్యూటర్లూ లేవు. ఉన్న మంచి పటాలనే ఒకదానిపై ఒకటి పేర్చి, ఎక్కువ పటాలు ఏమంటే అదే తీసుకుందామనుకున్నాను. పేర్చాక తల తిరిగింది.

ఉత్తర జాంబియాలో ఒక చోటు చూడండి. 2013 నాటి ప్రపంచ వృక్షాచ్ఛాదన పటం అక్కడ నేలలో దాదాపు మూడో వంతును చెట్లు కప్పాయంటుంది. ఉపగ్రహ చిత్రాలతో నేల తీరును చూపే 2020 నాటి వరల్డ్‌కవర్‌లో అదే చోట చెట్లు, పొదలు, గడ్డి చుక్కలు చుక్కలుగా కలగలిసి ఉన్నాయి. 2001లో వచ్చిన పర్యావరణ మండలాల పటం దానికి మియోంబో వనం (ఎండాకాలంలో ఆకు రాల్చే పలచటి చెట్ల వనం) అని పేరు పెట్టి, పై వర్గానికి వచ్చేసరికి గడ్డిభూములు, సవన్నాల (చెట్లు అక్కడక్కడా ఉండే గడ్డినేలల) ఖాతాలో వేసింది. ఇంతకీ అది అడవా, పొదలా, సవన్నాయా? మూడూ పేరున్న పటాలే. దేన్ని నమ్మాలో చెప్పండి. "అవసరాన్ని బట్టి" అనే జవాబు మాత్రం వద్దు, అది మా గైడు ఇప్పటికే చెప్పారు.

ఎనిమిదోదిక్కు
నాలుగో పటం తెచ్చుకోండి. మూడింటిలో ఏదో ఒకదానికి రెండో ఓటు పడుతుంది.

గీతలమధ్య
తెచ్చాను. అది సాగుభూమి అంది.

పాతపటం
మీ గైడు చెప్పినది సరైన జవాబే. కాకపోతే వివరం లేకుండా చెబితే తప్పించుకున్నట్టు ఉంటుంది. ఆ మూడు పటాలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది, 5 మీటర్లు దాటిన చెట్లు ఒక్కో పిక్సెల్‌లో ఎంత నేలను కప్పాయో కొలిచింది. అడవా, యూకలిప్టస్ తోటా అన్నది దానికి పట్టదు. రెండోది, పైనుంచి చూస్తే నేలపై కనబడేదాన్ని 11 వర్గాల్లో సర్దింది. మూడోది నిపుణులు గీసిన పటం: ఏ జీవసముదాయం ఎక్కడ మొదలై సుమారుగా ఎక్కడ ముగుస్తుందో చూసి ప్రపంచంలోని నేలనంతా 867 మండలాలుగా విభజించింది. ఒక మనిషి ఎత్తు, బరువు, వయసు రాసుకుని వీటిలో ఎక్కువ ఓట్లు దేనికని అడిగినట్టుంది మీ పద్ధతి.

ఆఫ్రికా విషయంలో అసలు మొదలుపెట్టాల్సినది 1983లో యునెస్కో ప్రచురించిన ఫ్రాంక్ వైట్ వృక్షసంపద పటంతో. దాని స్కేలు 1:50,00,000. కాగితంపై ఒక మిల్లీమీటరు నేలపై 5 కిలోమీటర్లు. అంత ముతక స్కేలులో ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. అడవీ గడ్డీ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన చోట్ల బలవంతంగా ఏదో ఒకటి తేల్చలేదు. మొజాయిక్ అని ప్రత్యేక వర్గాలు పెట్టి, ఇక్కడ రెండూ ఉన్నాయని ఒప్పుకున్నారు. ఇప్పటి పిక్సెల్ పటాలకు ఆ సంస్కారం లేదు. ప్రతి చుక్కకూ ఒకే పేరు పెట్టి తీరాలంటాయి.

ఉపగ్రహదాసు
వైట్ పటం మీద నాకూ గౌరవమే. కానీ అందులో గీత మందమే నేలపై కిలోమీటర్లు ఉంటుంది. అది వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. ఈలోగా పశ్చిమ ఆఫ్రికా అడవుల్లో ఎంత భాగం కోకో తోటలయిందో ఆ పటం ఎలా చెబుతుంది?

ఒక్కసారి లెక్క చూడండి. ఖండం వైశాల్యం సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. 10 మీటర్ల పిక్సెల్ అయితే చదరపు కిలోమీటరుకు 10,000, మొత్తం 30,000 కోట్లు. 2000 సంవత్సరం నాటి ప్రపంచ పటంలో పిక్సెల్ కిలోమీటరు. తర్వాత వచ్చిన గ్లోబ్‌కవర్‌లో 300 మీటర్లు. ఇప్పుడు 10. సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు అయిదు రోజులకొకసారి అదే చోటును చూస్తాయి. ఇంత సమాచారం చేతిలో ఉండగా చేత్తో గీసిన గీతల దగ్గరికి వెనక్కి వెళ్లమనడం నాకు అర్థం కాదు.

గడ్డిపరక
పిక్సెల్ చిన్నదైనంత మాత్రాన దానికి పెట్టిన పేరు సరైనదైపోదు ఉపగ్రహదాసు గారూ. ఇది నాకు పాత మంట, కొంచెం పొడుగ్గా రాస్తాను, భరించండి.

అడవి అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్క ఏమిటి? అర హెక్టారుకు మించిన నేల, 5 మీటర్లకు ఎదిగే చెట్లు, నేలలో 10 శాతానికి మించి చెట్ల ఆచ్ఛాదన. నూటికి 10! మిగతా 90లో గడ్డి నిలువెత్తున పెరిగినా, ఏటా అది తగలబడి మళ్లీ మొలిచినా, దాని మీద బతికే జింకలు, జీబ్రాలు వేలల్లో ఉన్నా కాగితం మీద అది అడవే. పైగా చెట్లు నరికేసినా మళ్లీ పెంచుతారనే లెక్క ఉంటే ఆ నేల అడవిగానే కొనసాగుతుంది. రబ్బరు తోట అడవి, ఆయిల్ పామ్ తోట కాదు. ఇది భూ వినియోగానికి పెట్టుకున్న లెక్క. ఆ పనికి అది పనికొస్తుంది, ఆవాసాలకు పనికిరాదు.

ఆఫ్రికాలో దీనికి బలైపోయేది ఎప్పుడూ సవన్నాయే. 10 శాతం గీత పెడితే సగం సవన్నా అడవి అయిపోతుంది. ఆ గీతను 60కి పెంచితే సవన్నా అంతా క్షీణించిన అడవి అయిపోతుంది. సవన్నా సవన్నాగా ఉండటానికి ఈ లెక్కల్లో చోటే లేదు. చెట్ల శాతాన్ని కాదు, చెట్ల కింద ఏముందో చూడాలి. ఎండను కోరే గడ్డి కింద పరచుకుని ఉంటే, మంట దానిలో పాకగలిగితే, పైన చెట్లు ఎన్నున్నా అది సవన్నా. నేల నీడతో నిండి గడ్డి లేకపోతే అడవి. ఈ తేడా పైనుంచి చూసే కంటికి సులువుగా దొరకదు.

ఎనిమిదోదిక్కు
గడ్డిపరక గారు గడ్డి తరఫున వాదించడంలో ఆశ్చర్యమేముంది.

గడ్డిపరక
చెట్ల తరఫున వాదించడానికి ఊరంతా ఉంది.

గీతలమధ్య
సరే, పేర్ల సంగతి అర్థమవుతోంది. కానీ ఒకే పటంలో, ఒకే వర్గం పేరుతో కూడా ఏడాదికీ ఏడాదికీ తేడా వస్తోంది. ఒక ఏడు పొద అన్నది మరుసటి ఏడు చెట్టవుతుంది, ఆపై ఏడు గడ్డి. అక్కడ ఎవరూ ఏదీ నరకలేదు, నాటలేదు. ఇదెలా?

వానరాకముందు
దీనికి జవాబు నెలల్లో ఉంది. ఏ నెల చిత్రాలు వాడారో ముందు చూడండి.

మియోంబో చెట్లు ఎండాకాలంలో ఆకు రాలుస్తాయి. వానలు పడటానికి కొన్ని వారాల ముందే కొత్త చిగురు వేస్తాయి. ఆ చిగురు కూడా ఆకుపచ్చ కాదు, ఎరుపు, రాగి రంగు. ఆకుపచ్చదనాన్ని కొలిచే సూచీలన్నీ అక్కడ తడబడతాయి. సహారాకు దక్షిణపు మెట్ట పట్టీ సహేల్‌లో ఫైడెర్బియా ఆల్బిడా అనే తుమ్మజాతి చెట్టు ఇంకా పెంకి. వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. చుట్టూ పంట పచ్చగా ఉన్నప్పుడు అది మోడు, పంట కోసేశాక అదే పచ్చన. ఒకవాంగో డెల్టా మరో తమాషా: అంగోలా ఎత్తైన నేలల్లో కురిసిన వాన నెలల తరబడి ప్రయాణించి వస్తుంది కనుక, స్థానికంగా చుక్క వాన లేని ఎండాకాలంలో వరద నిండుగా ఉంటుంది. వానాకాలపు చిత్రాలతో చిత్తడి నేలలను గుర్తిస్తే అక్కడ బోల్తా పడతారు.

వీటన్నిటి మీద మంట. ప్రపంచంలో ఏటా కాలే నేలలో దాదాపు మూడింట రెండు వంతులు ఆఫ్రికాలోనే. కాలిన వారానికి నల్లటి నేల, నెలకు పచ్చటి మొలక. యంత్రానికి ఇవి రెండు వేర్వేరు ఆవాసాలు.

ఉపగ్రహదాసు
అందుకే ఒక్క చిత్రం కాదు, ఏడాది పొడవునా ఉన్న చిత్రాల వరుస వాడతారు. ఆకు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అన్న లయే ఒక గుర్తు. మీరు చెప్పిన పెంకి చెట్టును ఆ తలకిందుల లయతోనే పట్టుకోవచ్చు. సమస్య అన్నదే ఇక్కడ ఆధారం.

వానరాకముందు
మబ్బు లేకపోతే.

పీట్‌నేల
మబ్బు మాట వచ్చింది కనుక కాంగో సంగతి చెబుతాను. గాబన్ నుంచి కాంగో నది మధ్య లోయ దాకా మబ్బు లేని చిత్రం దొరకడమే గగనం. అసలు కథ మబ్బు తొలగాక మొదలవుతుంది. పైనుంచి చూస్తే అక్కడ కనబడేది నిండైన అడవి. కొంత భాగంలో నీళ్లు నిలిచి ఉంటాయని రాడార్ చెబుతుంది. అంతవరకే. ఆ నీళ్ల కింద వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న ఆకులు, కొమ్మలు మీటర్ల మందాన పీట్‌గా మారి ఉన్నాయని ఏ ఉపగ్రహమూ చెప్పలేదు.

పరిశోధకులు ఆ చిత్తడిలో నడిచి, నేలలోకి గొట్టాలు దింపి లోతు కొలిచారు. ఆ కొలతలను ఉపగ్రహ సమాచారంతో జోడించి 2017లో ప్రకటించిన విస్తీర్ణం 1,45,500 చదరపు కిలోమీటర్లు. ఉష్ణమండలంలో అంతటి పీట్ ప్రాంతం మరొకటి తెలియదు. అందులో ఉన్న కార్బన్ సుమారు 3,000 కోట్ల టన్నులు. నదికి అవతలి వైపు కూడా కొలిచాక 2022లో ఆ విస్తీర్ణం 1,67,600కు పెరిగింది. అప్పటిదాకా ఖండం పటాల్లో అది చిత్తడి అడవి అనే రంగు మచ్చ మాత్రమే. ఇప్పటికీ చాలా పటాల్లో అంతే.

పాతపటం
చూశారా. నడవాలి.

ఉపగ్రహదాసు
నడిచినవాళ్ల కొలతలను 1,45,500 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది మాత్రం ఉపగ్రహమే పాతపటం గారూ. నడక ఒక్కటే అయితే కొన్ని గీతల వెంట లోతులు మిగిలేవి, పటం మిగిలేది కాదు. రెండో వైపు నుంచీ ఒక ఉదాహరణ. పశ్చిమ సహారా, సహేల్ ప్రాంతంలో 13 లక్షల చదరపు కిలోమీటర్లలో ఒక్కొక్క చెట్టునూ అతి సూక్ష్మ చిత్రాలతో లెక్కించి 2020లో ప్రచురించారు. 180 కోట్లకు పైగా చెట్లు తేలాయి. అంతకుముందు చాలా పటాలు ఆ నేలను దాదాపు చెట్లు లేనిదిగా చూపాయి. నడిచి లెక్కపెడితే ఎన్ని తరాలు పట్టేది? పైగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2018 చివర్లో అమర్చిన జెడి లైడార్, అంటే లేజర్ కాంతితో ఎత్తు కొలిచే పరికరం, చెట్ల ఎత్తును, కొమ్మల అమరికను పొరలు పొరలుగా కొలిచింది. భూమధ్యరేఖకు అటూ ఇటూ 51.6 డిగ్రీల వరకు దాని చూపు. అంటే ఆఫ్రికా మొత్తం అందులోకి వస్తుంది. గడ్డిపరక గారు అడిగిన "చెట్ల కింద ఏముంది" అనేదానికి ఇంతకన్నా దగ్గరి జవాబు ఏది?

గడ్డిపరక
లైడార్‌కు ఒక నమస్కారం, అది నిజంగా పనికొచ్చే సాధనం. గడ్డిని అది నేలతో కలిపేస్తుంది, అది వేరే సంగతి.

కానీ 180 కోట్ల చెట్లు అనగానే ఏం జరుగుతుందో చూడండి. "చెట్లు బతుకుతున్నాయి, ఇంకా నాటవచ్చు" అనే పటం మొదలవుతుంది. 2019లో సైన్స్ పత్రికలో ఒక ప్రపంచ పటం వచ్చింది. ఇప్పుడున్నవి కాక మరో 90 కోట్ల హెక్టార్లను చెట్లు కప్పగలవని అంది. సవన్నాలు, గడ్డిభూములు కూడా ఆ లెక్కలోకి వచ్చాయని చాలామంది పర్యావరణ శాస్త్రజ్ఞులు అదే పత్రికలో అభ్యంతరం చెప్పారు. ఇది పండితుల తగాదాగా ఆగిపోయేది కాదు. 2015లో మొదలైన ఏఎఫ్ఆర్100 అనే కార్యక్రమం కింద ఆఫ్రికా దేశాలు 2030 నాటికి 10 కోట్ల హెక్టార్లను పునరుద్ధరిస్తామని మాట ఇచ్చాయి. ఏ నేల పాడైన అడవి, ఏ నేల ఆరోగ్యంగా ఉన్న సవన్నా అనేది పటం తప్పు చెబితే, చేతిలో పలుగు ఉన్నవాడు ఆ తప్పునే తవ్వుతాడు.

నిదానం
ఇక్కడే ఒక చిక్కు ఉంది. "సహజ ఆవాసం" అంటే ఇప్పుడున్నదా, మనిషి లేకపోతే ఉండేదా? గీతలమధ్య గారు మొదట్లో సహజ అన్నారు, తర్వాత నాలుగో పటంలో సాగుభూమి వచ్చిందన్నారు. వైట్ పటం సాగు కింద ఉన్న నేలకు కూడా మొదటి వృక్షసంపద పేరే పెడుతుంది.

పాతపటం
అవును, నేను దాన్ని ఇష్టపడేది అందుకే. ఉండాల్సినది తెలిస్తేనే పోయినది ఎంతో తెలుస్తుంది.

వానరాకముందు
"ఉండాల్సినది" ఒకటే అయితే కదా! ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోట చెట్లు ఎంత పెరగగలవో నీరే నిర్ణయిస్తుందని ఆఫ్రికా సవన్నాలపై 2005లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. అక్కడిదాకా పేచీ లేదు. 1,000 నుంచి 2,500 మిల్లీమీటర్ల మధ్య ఉన్న చోట్లను 2011లో మరో బృందం చూసింది. ఎండాకాలం మరీ తీవ్రంగా లేకపోతే, అదే వాతావరణంలో అడవీ ఉండగలదు, సవన్నా కూడా ఉండగలదు. తేల్చేది మంట. గడ్డి ఉంటే మంట వస్తుంది, మంట వస్తే మొక్క చెట్టు కాలేదు, చెట్టు లేకపోతే గడ్డి ఉంటుంది. అడవి ఒకసారి మూసుకుంటే గడ్డి చస్తుంది, మంట లోపలికి రాదు. రెండు స్థితులూ తమను తాము కాపాడుకుంటాయి. ఇప్పుడు వాన, ఉష్ణోగ్రత చూసి "ఇక్కడ అడవి ఉండాలి" అని ఒక్క రంగు ఎలా వేస్తారు?

నిదానం
దానికి తోడు జంతువులు. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే అంటురోగం పశువులనూ, గిట్టల జంతువులనూ ఊడ్చేసింది. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో ఆ రోగం 1960ల్లో వెనక్కి తగ్గాక విల్డెబీస్ట్‌లు (గడ్డి మేసే పెద్ద జింకలు) సుమారు రెండున్నర లక్షల నుంచి 1970ల చివరికి 13 లక్షలకు పెరిగాయి. అవి గడ్డి మేసేశాయి, కాలడానికి ఏమీ మిగల్లేదు, మంటలు తగ్గాయి, చెట్లు లేచాయి. 1950ల పటం, 1990ల పటం పక్కపక్కన పెట్టి చూసినవాడికి అక్కడ ఆవాసం మారింది. ఏది సహజం?

ఎనిమిదోదిక్కు
విల్డెబీస్ట్‌ను అడగాలి.

కొండగుర్తు
ఒక క్షేత్ర అనుభవం. ఒక సర్వేలో నా పని, పటంలో చెట్లు అని ఉన్న చోటుకు వెళ్లి నిజంగా ఏముందో రాయడం. ఎంపిక చేసిన చోట్లన్నీ రోడ్డుకు దగ్గర్లోనే ఉండేవి. ఎందుకంటే బండి అక్కడిదాకే వెళ్తుంది. రోడ్డు పక్కనే కదా ముందు నరికేది, ముందు దున్నేది! మేము సరిచూసినది ఖండాన్ని కాదు, రోడ్డు అంచును. నివేదికలో మాత్రం మంచి శాతం వచ్చింది. ఆ పని చేయించిన సంస్థ పేరు అడగవద్దు.

చుక్కలెక్క
కొండగుర్తు గారు చెప్పినది చిన్న విషయం కాదు. ఆ "మంచి శాతం" ఎలా మోసం చేస్తుందో లెక్కతో చూపిస్తాను.

ఒక అరుదైన ఆవాసం ఖండంలో ఒక శాతం ఉందనుకోండి. 10,000 చోట్లు తీసుకుంటే 100 చోట్ల అది నిజంగా ఉంది, 9,900 చోట్ల లేదు. పటం చాలా మంచిది: ఉన్న వందలో 90 పట్టింది, లేనివాటిలో 5 శాతాన్ని మాత్రమే పొరపాటున ఉన్నట్టు చూపింది. ఆ 5 శాతం 495. అంటే పటంలో ఆ ఆవాసం రంగు 585 చోట్ల కనబడుతుంది, అందులో నిజమైనవి 90. పదిహేను శాతం! పటం మొత్తం కచ్చితత్వం మాత్రం 95 దగ్గర ఉంటుంది. ముందుమాటలో ఆ 95 పెద్ద అక్షరాలతో వస్తుంది.

అందుకని పిక్సెళ్లు లెక్కపెట్టి విస్తీర్ణం చెప్పకండి. యాదృచ్ఛికంగా ఎంచిన నమూనా చోట్లను సరిచూసి, వాటి ఆధారంగా విస్తీర్ణాన్నీ, దాని హెచ్చుతగ్గుల పరిధినీ అంచనా వేయండి. రెండో సంగతి, చాలా పటాల్లో పిక్సెళ్లు డిగ్రీల్లో ఉంటాయి. భూమధ్యరేఖ దగ్గర 10 మీటర్ల వెడల్పున్నది కేప్ కొసన, 35 డిగ్రీల దగ్గర, 8 మీటర్లే. సమవైశాల్య ప్రక్షేపంలోకి, అంటే ప్రతి చుక్కకూ నేలపై ఒకే వైశాల్యం ఉండే పటంలోకి, మార్చకుండా లెక్కపెడితే ఖండం రెండు కొసలా ఉన్నదాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపినట్టు.

గీతలమధ్య
ఆ 95 శాతం నా ప్రతిపాదనలో కూడా ఉంది.

ఎనిమిదోదిక్కు
పెద్ద అక్షరాలతోనా?

చిన్నచోటు
అరుదైనవాటి మాట వచ్చింది కనుక, ఖండం పటాల్లో ఎప్పుడూ మాయమైపోయే వాటి గురించి. దక్షిణ కొసన కేప్ ప్రాంతం సుమారు 90,000 చదరపు కిలోమీటర్లు. ఖండంలో 0.3 శాతం. అందులో 9,000 దాకా మొక్క జాతులు, మూడింట రెండు వంతులకు పైగా మరెక్కడా లేనివి. ప్రపంచ పటాల్లో దాని పేరు? పొదలు. సహేల్ ముళ్ల పొదలకూ అదే రంగు. దక్షిణాఫ్రికా వాళ్లు 2006లో తమ దేశానికీ, లెసోతో, ఎస్వతీనిలకూ కలిపి వేసుకున్న పటంలో 400కు పైగా వృక్షసముదాయాలున్నాయి. ఖండం పటం దగ్గరికి వచ్చేసరికి అవన్నీ నాలుగైదు రంగుల్లో కరిగిపోతాయి.

నమీబ్ ఎడారిలో సముద్రం నుంచి వచ్చే పొగమంచు మీద బతికే లైకెన్ (రాతిపువ్వు జాతి) మైదానాలున్నాయి. మామూలు వర్గీకరణలో అవి బోడి నేల. కాంగో అడవిలో ఏనుగులు ఉప్పు, ఖనిజాల కోసం చేరే బాయ్‌లు, అంటే అడవి మధ్యలోని తడి ఖాళీలు, 300 మీటర్ల పిక్సెల్‌లో ఒకటో రెండో చుక్కలు. ఏనుగుకు మాత్రం మొత్తం అడవిలో అవే కీలకం.

ఊరిపొలిమేర
గినీలోని కిస్సిడుగు ప్రాంతం గురించి ఎవరూ అనలేదే. సవన్నా మధ్యలో ఊళ్ల చుట్టూ గుండ్రంగా అడవి దీవులుంటాయి అక్కడ. వలస పాలన కాలం నుంచీ అధికారులు ఇవి ఒకప్పటి మహారణ్యపు శకలాలనీ, మిగతాదంతా ఊరివాళ్లు తగలబెట్టారనీ రాసుకుంటూ వచ్చారు. జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ అనే మానవశాస్త్రవేత్తలు 1990ల్లో ఊరి పెద్దలను అడిగితే, ఈ అడవిని మా పూర్వీకులు పెంచారన్నారు. 1952 నాటి విమాన చిత్రాలను తర్వాతి చిత్రాలతో పోల్చి చూస్తే చాలా చోట్ల అడవి పెరిగిందే గానీ తరగలేదు. పటం వేసినవాళ్లు ఉన్న స్థితిని సరిగానే గీశారు, కథను మాత్రం తలకిందులుగా చదివారు. నమూనా చోట్లకు వెళ్లినప్పుడు చెట్లు కొలవడంతో పాటు అక్కడివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడే వీలుంటే వదులుకోకండి.

నిదానం
ఇన్ని జవాబులు వచ్చాయి గానీ మనలో ఒక్కరం కూడా అడగలేదు. గీతలమధ్య గారూ, ఈ పటం దేనికి?

గీతలమధ్య
సేబుల్ జింకకు అనువైన ఆవాసం ఖండంలో ఎంత మిగిలిందో చూడటానికి.

గడ్డిపరక
అయ్యో, ఇది మొదటే చెప్పి ఉంటే! సేబుల్ గడ్డి మేసే జంతువు. మియోంబో చెట్ల మధ్య ఉంటుంది గనుక అందరూ దాన్ని వనజీవి అనుకుంటారు. చెట్ల పటం మీకు సగం కూడా చెప్పదు. దానికి కావలసినది పలచటి చెట్లు, కింద గడ్డి, ఎండాకాలంలో పచ్చిక దొరికే దంబోలు. దంబో అంటే మియోంబో మధ్యలో సన్నగా పాయలుగా సాగే చెట్లు లేని పల్లం. వానకు నీళ్లు నిలిచి, ఎండల్లో కూడా చాలాకాలం తడిగా ఉంటుంది.

ఉపగ్రహదాసు
ఆ దంబోలు వైట్ పటంలో కనబడవు. పర్యావరణ మండలాల పటంలోనూ కనబడవు. 10 మీటర్ల చిత్రంలో పాయ పాయా కనబడుతుంది. ఊరికే అంటున్నాను.

పాతపటం
దంబోల వరకు పిక్సెళ్లదే గెలుపు, కాదనను. కానీ ఆ పాయలు మియోంబోలో ఉన్నాయో, వేరే సవన్నాలో ఉన్నాయో చెప్పడానికి చుట్టూ ఒక గీత కావాలి. ఆ గీత నా దగ్గర ఉంది.

చుక్కలెక్క
మొత్తానికి రెండు పొరలు తేలాయి. బయటి హద్దు పాత పటం నుంచి, లోపలి వివరం కొత్త చిత్రాల నుంచి. ఓట్ల పద్ధతి వదిలేయండి. పటాలు ఎక్కడ ఏకీభవించలేదో ఆ చోట్లను మూడో పొరగా దాచుకోండి. మీ నమూనా చోట్లలో ఎక్కువ భాగాన్ని అక్కడే వేయాలి, కానీ ప్రతి పొరకూ దాని విస్తీర్ణాన్ని బట్టి బరువు ఇచ్చి లెక్కకట్టాలి. బరువు మరచిపోతే కొండగుర్తు గారి రోడ్డు కథ మళ్లీ వస్తుంది.

వానరాకముందు
మియోంబో వరకు రెండు కాలాల చిత్రాలు తీసుకోండి. వానలు ముగిసిన మే నెలవి ఒకటి, ఆగస్టు చివరివి ఒకటి. మేలో అంతా పచ్చగా ఉండి ఏమీ విడిపోదు. ఆగస్టు నాటికి మెట్ట మీద గడ్డి ఎండి, చెట్లు ఆకు రాలుస్తూ ఉంటే దంబో తడిగా తేలుతుంది. కాలిన మచ్చలను ముందే తీసేయండి, లేకపోతే నల్లటి నేలనంతా నీళ్లనుకుంటుంది మీ యంత్రం.

గీతలమధ్య
కాలిన నేల పటాలు 500 మీటర్ల పిక్సెల్‌లో ఉన్నాయి నా దగ్గర. దంబో వెడల్పు చాలా చోట్ల అంత కూడా లేదు.

ఉపగ్రహదాసు
అది వాడకండి. సెంటినెల్-2లోని హ్రస్వ పరారుణ (కంటికి కనబడని కాంతి) పట్టీలతో మీరే గుర్తించుకోవచ్చు, 20 మీటర్లలో వస్తుంది. కాలిన నేల, తడి నేల రెండూ కంటికి నల్లగా ఉన్నా ఆ పట్టీల్లో విడిపోతాయి.

అలలకింద
ఆలస్యంగా చూశాను. ఇదే పద్ధతి ఆఫ్రికా తీరంలోని సముద్రపు గడ్డి మైదానాలకు పనికొస్తుందా? నీటి రంగు, లోతు రెండూ అడ్డం వస్తున్నాయి.

గడ్డిపరక
గడ్డి అంటే నేను వస్తాను. కొత్త చర్చ తెరవండి, ఇక్కడ కలిపితే జింక మునిగిపోతుంది.